కాళ్ళు వాళ్ళవి, చేతులు మావి

కార్తీక శుద్ధ దశమి

తాతబ్బాయి మేస్త్రి రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. నాకేమీ సరదా కాదు. పనయ్యాక స్నానం చేసి, నాలుగు మెతుకులు తిని నడుం వాల్చాల్సిన వేళకి పెన్ను పట్టుకోవడం నా ఒంటికి పడదు. కానీ ఒప్పందంలో ఉందట: సంస్థ మా తొడుగుల్లోంచి తీసుకునే రికార్డు ఎంత చెల్లుతుందో, పనివాళ్ళు ఏ రోజు సంగతి ఆ రోజే సొంత చేత్తో రాసుకున్న మాటా అంతే చెల్లుతుంది. ఇన్నాళ్ళూ రాసిన నాగేశ్వరానికి చూపు మందగించింది. "ఇంటరు దాకా సదివేవు కదే సత్యవేణీ, నువ్వు రాయి" అన్నాడు మేస్త్రి. గుంపంతా ఠక్కున తలలూపేశారు. బరువు తమ మీద పడకపోతే చాలు అందరికీ.

సరే, ఇవాళ్టి సంగతి. పొద్దున్న పోటు ఎక్కుతుండగా, సముద్రపు కట్ట లోపలి సొరంగంలో మా వదిన వీరవేణి ఉన్నట్టుండి కూర్చుంది. మా అన్న భార్య. సొరంగంలో నా వీపుజంట కూడా. ఆమె కూర్చోగానే నేను, నా పక్కన ఎర్రయ్య, ఆ పక్కవాళ్ళు, వరసంతా కూర్చున్నాం. ఇది ఇక్కడి ఆనవాయితీ. గోడ వెనక నీటి చప్పుడు ఎవరికి వినిపించినా నోటితో చెప్పరు, కూర్చుని అరచెయ్యి నేలకి ఆనిస్తారు. చూసినవాళ్ళంతా కూర్చోవాలి. ఎందుకని అడగకూడదు. గొట్టాలు ఆగి, తొడుగుల మోత ఆగి, సొరంగం మూగబోయాక గోడ ఏమంటోందో వినపడుతుంది. మేస్త్రి "లేగండి" అనేదాకా ఎంత పెద్ద అధికారి వచ్చినా లేవం. ఒప్పందంలో దీనికి కూర్చునే హక్కు అని పేరు.

ఇవాళ ఏమీ లేదు. గోడ పొడిగానే ఉంది.

"ఏం వదినా, చప్పుడు విన్నావా, మోకాళ్ళు నొప్పెట్టాయా?" అన్నాను మెట్లెక్కుతూ.

"ఆడపడుచు గారికి ఎటకారం ఎక్కువైందండోయ్. పద, పైకెల్లాక నీ ఈపు ఇప్పకుండా ఎండలో నిలబెడతాను."

ఆ మాట నిజంగా బెదిరింపే. తొడుగు అంటే మెడ నుంచి మడమ దాకా ఇనప కీళ్ళు. అది లేకుండా బీటలు పూడ్చే ముద్ద నిండిన గొట్టం ఎత్తి గోడకి కొట్టలేం. దాన్ని బిగించే కొక్కేలు రెండూ వీపు నడిమధ్యన ఉంటాయి. తన చెయ్యి తన వీపుకి అందదు. పక్కమనిషి విప్పితేనే బయటికి రాగలం. అందుకే జంటలు. వదిన విప్పింది, విప్పాక అలవాటు ప్రకారం వీపు మీద ఒక్కటి చరిచింది.

కార్తీక శుద్ధ ద్వాదశి

సంస్థ సంక్షేమాధికారి మృదుల గారు కట్ట మీదికి, మా రేకుల గదుల దగ్గరికి వచ్చారు. ఆడవాళ్ళం నూనె డబ్బాలో పెంచుకున్న తులసి ముందు దీపాలు పెట్టుకుంటున్నాం. ఆవిడ చెప్పులు విడిచి వచ్చి తానూ ఒక దీపం వెలిగించి, తర్వాత జీడిపాకం పెట్టె తెరిచారు. ఆవిడ మీద నాకు కోపం రాదు, అదే నా బాధ. ఎప్పుడూ గొంతు పెంచరు. మా అందరి పేర్లూ ఆవిడకి తెలుసు.

"మీ హక్కు మీది. దాని జోలికి ఎవరూ రావడం లేదు" అన్నారు. "కానీ పని చేయించేవాళ్ళకీ ఒక హక్కు ఉంటుంది కదండీ. ఒక్కరికి అనుమానం వస్తే వరసంతా ఆగిపోతోంది. ఆ కాసేపట్లో నిజంగా చెమ్మ ఉన్నచోట ముద్ద పడకపోతే? కట్ట కింద ఉన్న ఊళ్ళు మీవే కదా. రెండు వైపులా తూకం ఉండాలి."

"అయితే ఏం సెయ్యమంటారండి?" అన్నాడు మేస్త్రి.

"మీరేమీ చెయ్యక్కర్లేదు. తొడుగుల్లో కొత్త అమరిక వస్తోంది. వరసలో సగానికి మించి కూర్చోవాలనుకుంటే అన్ని తొడుగులూ వాటంతట అవే కూర్చుంటాయి. లేదంటే నిలబడి పని చేస్తూంటాయి. మీరెలాగూ అందరూ కలిసే కూర్చుంటారు. మీకు పోయేదేముంది చెప్పండి?"

వదిన పకపకా నవ్వింది. "మాలో కూసోనిది ఎవత్తో నేనూ సూత్తాను. దాని కాళ్ళిరగ్గొట్టి మరీ కూసోబెడతాను."

అందరూ నవ్వారు. చేతులెత్తమంటే అందరం ఎత్తాం. వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు, ఎందుకంటే వద్దంటే పక్కవాడిని నమ్మడం లేదని ఒప్పుకున్నట్టు. మా గుంపులో అంతకంటే తలవంపులు ఇంకొకటి లేదు. చెయ్యి దించాక మేస్త్రి మాత్రం జీడిపాకం ముక్క తినకుండా తిరిగి పెట్టెలో పెట్టేశాడు.

కార్తీక పౌర్ణమి

పోటు పెద్దది. కట్ట అవతల కెరటం కొట్టినప్పుడల్లా రేకులు గలగలమంటున్నాయి.

కొత్త అమరికతో మొదటిసారి కూర్చున్నాం. ముందు ఎర్రయ్యకి వినపడింది. అతను కూర్చోబోతే తొడుగు వంగలేదు. నేను మోకాళ్ళు వంచబోయాను, నాదీ వంగలేదు. ఒక్క ఊపిరి తీసేంతసేపు అలా అరవంకరగా ఆగిపోయాం. తర్వాత సగం దాటినట్టుంది, భుజాలు పట్టుకుని దింపినట్టు అందరినీ ఒక్కసారే మెల్లగా కూర్చోబెట్టింది. నిజంగానే చెమ్మ ఉంది. వేలు దూరేంత బీట. మూసేశాం.

పైకొచ్చాక అందరికీ హుషారు. "మారాణుల్ని దింపినట్టు దింపిందే" అంటుంది వదిన.

"ఆ ఆగినప్పుడు నాకు ఊపిరాడలేదు వదినా."

"నీకు కంచం కిందపడ్డా భయవేగా."

అదీ నిజమే. నేను పిరికిదాన్ని. చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడతాను. అయినా రాసి పెడుతున్నాను: నా మోకాళ్ళు నన్ను అడిగి కాక ఇంకెవరినో అడిగి వంగాయి. అది నాకు నచ్చలేదు.

కార్తీక బహుళ విదియ

కొత్తవాళ్ళు వచ్చారు. దక్షిణపు కట్ట నుంచి తెచ్చారట, మన భాష రాదట. ఉత్తరం గేటు పక్కన కట్టిన పొడుగాటి షెడ్డు వాళ్ళకిచ్చారు. పొద్దున్న మేం సొరంగంలోకి దిగేసరికే తొడుగులు వేసుకుని వరసలో నిలబడి ఉన్నారు. ముఖాలకి నల్ల అద్దాలు, దుమ్ము పడకుండానట. ఎంతమందో లెక్క పెట్టబోతే మేస్త్రి కసిరాడు, కొత్తగా వచ్చినవాళ్ళని అలా చూడకూడదని.

జంటలు మార్చేశారు. పాతవాళ్ళ పక్కన కొత్తవాళ్ళుంటే పని నేర్చుకుంటారని మృదుల గారి మాట. నాకూ కొత్త జంట, వదినకీ కొత్త జంట. వాళ్ళకి నేర్పడానికేమీ లేదు. గొట్టం పట్టుకోవడం, ముద్ద కొట్టడం, అంతా మాకంటే చక్కగా చేస్తున్నారు. టీకి ఆగరు. తుమ్మరు. ముక్కు గోక్కోరు. నా జంట నా కొక్కేలు బిగించినప్పుడు ఒక కుదుపు లేదు, ఒక మాట లేదు. వెనక మనిషి ఉన్నట్టే అనిపించలేదు.

వదిన ఎండురొయ్యల కూర గిన్నెలో పెట్టి వాళ్ళ షెడ్డు గుమ్మంలో ఉంచి వచ్చింది. "పొరుగూరు నుంచి వచ్చినోళ్ళు. ఏం తింటన్నారో ఏటో" అంది.

కార్తీక బహుళ పంచమి

గిన్నె అక్కడే ఉంది. మూత తియ్యలేదు. చీమలు పట్టాయి. వదినకి అవమానమైపోయింది. "మన సేతి కూర అంత సేదా?" అని పొద్దున్నంతా సణుగుతూనే ఉంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

పనిలో మేస్త్రి కూర్చోబోయాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ గోడల మధ్య తిరిగిన మనిషి, ఊరికే కూర్చోడు. ఆయన్ని చూసి మేమంతా మోకాళ్ళు వంచాం. తొడుగులు వంగలేదు. నేను బలమంతా పెట్టి కిందికి నొక్కాను. తొడ కండరాలు పట్టేశాయి గానీ ఇనుము కదల్లేదు. కొత్తవాళ్ళు ఒక్కరూ వంగలేదు. వాళ్ళ గొట్టాలు కొడుతూనే ఉన్నాయి, ఆ మోతలో గోడ చప్పుడు ఎలా వింటాం?

"కూసోండయ్యా! కూసోండి! మీకు దణ్ణవెడతాను!" అని మేస్త్రి అరుస్తున్నాడు. ఆయన అరవగా నేనెప్పుడూ వినలేదు.

తర్వాత ఇంకొకటి జరిగింది. నేను నిలబడ్డ చోటు నుంచి నా కాళ్ళు పక్క గడికి, అంటే పక్కమనిషి వంతు గోడ దగ్గరికి నడిచాయి. నేను నడవలేదు, అవే నడిచాయి. అక్కడ గోడ తడిగా ఉంది, ముద్ద కొట్టాలి. చేతులు మాత్రం నా ఇష్టానికి కదులుతున్నాయి, ఎందుకంటే ముద్ద ఎక్కడ ఎంత కొట్టాలో ఇంకా మా వేళ్ళకే తెలుసు. అటుపక్క ఎర్రయ్య ఏడవలేక నవ్వుతున్నట్టు అన్నాడు: "కాళ్ళు ఆళ్ళవి, సేతులు మనవి. బానే పంచుకున్నారు."

పైకొచ్చి మృదుల గారి గదికి వెళ్ళాం. ఆవిడ అందరికీ కుర్చీలు వేయించారు.

"కొత్తవాళ్ళకి భయం వెయ్యలేదేమోనండీ" అన్నారు. "మీకు కూర్చునే హక్కు ఉన్నట్టే, కూర్చోకుండా ఉండే హక్కు వాళ్ళకీ ఉంటుంది కదా. మీలో మీరు మాట్లాడుకోవాల్సిన విషయం ఇది. ఇందులో సంస్థ కలగజేసుకోవడం న్యాయం కాదు."

కార్తీక బహుళ సప్తమి

సెలవు రోజు. కొత్తవాళ్ళతో మాట్లాడదామని వదినా నేనూ పొద్దున్నే బయల్దేరాం. భాష రాకపోతే చేతులతోనైనా చెబుదాం, గోడ చప్పుడు ఎలా ఉంటుందో చూపిద్దాం అనుకున్నాం. వదిన ఈసారి కూర తేలేదు. "ముందు మాటాడనీ, తర్వాత తిండి సంగతి సూద్దారి" అంది.

షెడ్డు బయట ఒక్క బట్ట ఆరేసి లేదు. చెప్పుల జత లేదు. కుళాయి కింద నేల పొడిగా ఉంది. తలుపుకి బయట నుంచి గడియ. వదిన పక్కకి తిరిగి కిటికీ రెక్క తోసింది, ఇద్దరం లోపలికి చూశాం.

చాపలు లేవు, పొయ్యి లేదు, సామాన్లు లేవు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా గోడకి కొక్కేలు. కొక్కేలకి తొడుగులు వేలాడుతున్నాయి. నల్ల అద్దాలు పైకెత్తి ఉన్నాయి. అద్దాల వెనక గోడ కనిపిస్తోంది.

ఇన్నాళ్ళూ నా వీపు కొక్కేలు బిగించినది, నా వెనక నిలబడి నా మెడ మీద నీడ వేసినది మనిషి కాదు. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె వేళ్ళతో లోపలివాటిని లెక్క పెట్టింది. మాకంటే ఒక్కటి ఎక్కువ. సరిగ్గా ఒక్కటి.

తిన్నగా మేస్త్రిని తీసుకుని మృదుల గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఏదీ దాచలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

"అవి ఖాళీ అనడం సరికాదండీ. వాటిని కార్యాలయం నుంచి నడిపిస్తున్నాం. అంటే సంస్థే స్వయంగా సొరంగంలోకి దిగి మీ పక్కన పని చేస్తోంది. ఎప్పుడైనా ఏ యజమాని అయినా అలా దిగాడా? పని చేసేవాళ్ళందరికీ సమానమైన హక్కు అని మీరే కదా ఎప్పుడూ అడిగేది. ఇప్పుడు మేమూ పనివాళ్ళమే."

"అమ్మా, మేం మునిగితే సత్తాం" అన్నాడు మేస్త్రి. "మీరు మునగరు."

ఆవిడకీ ఆ మాట తగిలిందనే అనుకుంటున్నాను. తర్వాత మంచినీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపి, "మీ అభ్యంతరం రాసుకుంటాను" అన్నారు.

కార్తీక బహుళ దశమి

కార్మిక న్యాయస్థానానికి అర్జీ పంపాం, ఈ రాతల నకలు కూడా జతచేసి. అమావాస్య దాటాక వింటామని జవాబు వచ్చింది. అమావాస్యే కదా అసలు గండం. దానికి తోడు తూర్పున వాయుగుండం ఉందంటున్నారు.

దిగం అని చెప్పేద్దాం అని ఎర్రయ్య అన్నాడు. చెప్పొచ్చు. కానీ హక్కు ఉన్నది సొరంగంలో కూర్చోవడానికే. అసలు దిగనివాళ్ళు కట్ట వదిలి పోవాలి. పోతే? మా అన్న కట్ట కింద ఊళ్ళో పంపుల దగ్గర పని చేస్తాడు. అందరి పిల్లలూ అక్కడే ఉన్నారు. గోడకి ముద్ద కొట్టడం ఆపేసి ఎక్కడికి పోతాం?

"తొడుగులు కొట్టుకుంటాయి కదా ముద్ద" అన్నాను.

"వాటికి ఇనపడదే పిల్లా" అన్నాడు మేస్త్రి. "కనపడిన తడి మూత్తాయి. ఎనకాల వత్తన్నది వాటికేం తెలుసు?"

మేస్త్రి చేతిలో ఒక్క అధికారం మిగిలింది: ఎవరు ఏ గడిలో నిలబడాలో ఆయనే చెప్పాలి. మనుషుల పక్కన మనుషులు వచ్చేలా గడులు సర్దాడు. చేతులు ఇంకా మావే కాబట్టి, చెయ్యి చాపితే పక్కమనిషి వీపు అందుతుంది. నీళ్ళు వస్తే ఒకరి కొక్కేలు ఒకరు విప్పుకుని, తొడుగులు వదిలేసి మెట్ల వైపు పరిగెత్తడం. అంతే మా ఉపాయం.

వదినా నేనూ పక్కపక్కన. ఎవరు ఎవరిని ముందు విప్పాలన్న దాని మీద పోట్లాడుకున్నాం. "పెద్దదానివి, నువ్వు ముందు" అంటాను. "సిన్నదానివి, నోర్ముయ్" అంటుంది. చివరికి మేస్త్రి తీర్పు చెప్పాడు: చప్పుడు ఎవరికి ముందు వినపడితే వాళ్ళని ముందు విప్పాలి, ఎందుకంటే నీళ్ళు వాళ్ళ పక్కనే ఉన్నట్టు. అది న్యాయంగానే ఉంది. ఇద్దరం సరేనన్నాం.

నాకు అన్నం సయించడం లేదు. వదిన కలిపి ముద్దలు పెడుతోంది, చంటిపిల్లకి పెట్టినట్టు. పెడుతూ తిడుతోంది.

కార్తీక అమావాస్య

ఈ రోజు సంగతి ఈ రోజే రాయాలి. రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున్నే దిగాం. అవతల సముద్రం గోడని గుద్దుతోంది. ఆ గుద్దు పాదాల్లోంచి పళ్ళ దాకా తెలుస్తోంది. మా అమరిక ప్రకారమే నిలబడ్డాం. నా ఎడమపక్క వదిన. ఆమెకి అవతల గుంట గడి. సొరంగంలో అన్నిటికంటే పల్లం అదే.

పోటు పూర్తిగా ఎక్కేసరికి వదిన పని ఆపేసింది. తల గోడ వైపు వంచింది. ఆమె మోకాళ్ళు వంచాలని చూడటం నేను కళ్ళారా చూశాను. తొడుగు లోపల ఆమె ఒళ్ళంతా కిందికి లాగుతోంది, ఇనుము నిలబెట్టే ఉంది. నేనూ వంగబోయాను. వరసలో మావాళ్ళందరూ వంగబోయారు. ఒక్కటి తక్కువ. ఒక్క తొడుగు తక్కువ.

"వదినా, నీకు వినపడిందా?"

ఆమె నా వైపు తిరిగింది. "నీ పక్కనే సత్యా! నీ గోడలోనే! తిరుగు, ఈపు తిప్పు!"

నాకేమీ వినపడలేదు. కానీ భయంతో బుర్ర పని చెయ్యలేదు. నడుం మెలితిప్పి వీపు చూపించాను. ఆమె వేళ్ళు కొక్కేల మీద పడ్డాయి. ఒకటి. రెండు. వీపు మీద చరిచింది. నేను తొడుగులోంచి జారి కిందపడ్డాను. నా అరచేతులు నేలకి తగిలాయి. అప్పుడు వినపడింది. నా గోడలో కాదు. ఆమె అవతల, గుంట గడిలో.

లేచి ఆమె వీపు మీదికి చేతులు చాపేలోగా గోడ పగిలింది. మనిషి దూరేంత బీట. నీళ్ళు కొట్టిన దెబ్బకి నేను వెనక్కి పడ్డాను. సంస్థ తొడుగులన్నీ ఒకేసారి గుంట గడి వైపు తిరిగాయి. వదిన తొడుగు కూడా తిరిగింది. అందరికంటే దగ్గర అదే, కాబట్టి ముందు అదే నడిచింది. నేను దాని నడుం పట్టుకుని వేలాడాను. నన్ను ఈడ్చుకుంటూ నడిచింది. కొక్కెం ఒకటి వేలికి తగిలింది. చల్లటి నీళ్ళలో వేలు జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాను. వెనక నుంచి వస్తున్న తొడుగు ఒకటి నన్ను పక్కకి తోసింది. మోటుగా కాదు, దారిలో ఉన్న సామాను జరిపినట్టు.

"మిగతావోళ్ళని ఇప్పవే!" అని వదిన అరిచింది. "సత్యా, నన్నొగ్గెయ్, ఆళ్ళని ఇప్పు!"

ఆమె మెడ తిప్పి నన్ను చూసింది. ఆమె ముఖం రాస్తున్నాను, ఎవరూ తర్వాత మార్చకుండా. కళ్ళు పెద్దవైపోయాయి. పెదాలు వణుకుతున్నాయి. "అమ్మా" అంది, ఎవరిని పిలిచిందో తెలియదు. నడుం దాకా నీళ్ళలో ఆమె చేతులు తొడుగు కాళ్ళని కొడుతున్నాయి, ఆగమని. నేను విన్న చివరి మాట "కూసోనీండి" అని.

నేను వెనక్కి పరిగెత్తి ఎర్రయ్యని విప్పాను. ఎర్రయ్య ఇంకొకరిని. మేస్త్రిని నలుగురం కలిసి లాగాం. మా ఖాళీ తొడుగులు మేం దిగీదిగకముందే నిటారుగా నిలబడి, గొట్టాలెత్తుకుని, మిగతావాటి వెనక నడిచి వెళ్ళిపోయాయి. ఇప్పుడు వాటికి అడ్డు చెప్పేవాళ్ళే లేరు.

మెట్ల మీద కూర్చుని చూశాం. బీట మూసేశాయి. అది నిజం, దాచను. అవి నీళ్ళలో మునిగి కూడా ముద్ద కొట్టి మూసేశాయి. గోడ నిలిచింది. ఊళ్ళు నిలిచాయి. మా అన్న బతికే ఉన్నాడు.

గంట కొట్టాక తొడుగులు ఒకదాని వెనక ఒకటి మెట్లెక్కి వచ్చాయి, రోజూలాగే. నీళ్ళు కారుతున్నాయి. ఏది ఖాళీయో ఏది కాదో నడకని బట్టి తెలియలేదు. అన్నీ ఒకేలా నడిచాయి. వదిన తొడుగు నా ముందుకి వచ్చి ఆగి, వెనక్కి తిరిగి, విప్పమన్నట్టు వీపు చూపించింది.

విప్పాను. మేస్త్రి, ఎర్రయ్య పట్టుకుని పడుకోబెట్టారు. అన్నకి కబురు పంపాం.

మార్గశిర శుద్ధ పాడ్యమి

ఇవాళ మేమెవరం దిగలేదు. తొడుగులు దిగాయి. పొద్దున్న గంట కొట్టగానే మా పక్క నుంచే వెళ్ళాయి. సొరంగంలో గొట్టాల మోత పై దాకా వినిపిస్తోంది. మమ్మల్ని ఎవరూ రమ్మనలేదు. కట్ట వదిలి పొమ్మని కూడా అనలేదు. ఏది జరిగినా నాకు ఆశ్చర్యం లేదు గానీ, ఈ ఊరకుండటం చూస్తే భయంగా ఉంది. మేం లేకపోయినా వాటికి తెలియలేదు.

మృదుల గారు వచ్చారు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నిజంగానే ఏడ్చారు, నటన అని నేననను. మా అన్న ముందు చేతులు జోడించారు. అన్న తల తిప్పుకున్నాడు. తర్వాత ఆవిడ నన్ను పక్కకి పిలిచారు.

"న్యాయస్థానం వాళ్ళు నిన్నటి సంగతి మీద రెండు వైపుల మాటా అడిగారమ్మా. మా రికార్డు పంపాం. నిన్న వరసలో కూర్చోవడం అన్నది జరగలేదు."

"అడిగాం. అందరం అడిగాం."

"సగం దాటని కోరిక రికార్డులోకి ఎక్కదు సత్యవేణీ. అమరికే అలాంటిది. వీరవేణి గారి తొడుగు చివరిదాకా నిలబడే ఉంది, పని చేస్తూనే ఉంది. అంటే ఆమె భయపడలేదు. ప్రాణాలకి తెగించి బీట దగ్గరికి నడిచారు. ఊళ్ళని కాపాడారు. మేం అలాగే రాశాం. మీ ఈ మూడో సొరంగానికి ఆమె పేరు పెడుతున్నాం. మీ అన్నయ్యకి ఎంత గౌరవం, చెప్పు. నువ్వు కూడా అదే రాస్తే రెండు మాటలూ ఒకటవుతాయి, ఏ పేచీ ఉండదు. ఆమె ధైర్యాన్ని తక్కువ చెయ్యకు తల్లీ."

ఆవిడ "తల్లీ" అన్నప్పుడు సరే అనేస్తానేమోనని భయం వేసింది. వదిన పేరు సొరంగం గుమ్మం మీద పెద్ద అక్షరాలతో ఉంటే బాగానే ఉంటుందని ఒక్క క్షణం అనిపించింది కూడా. ధైర్యం లేదని నేనెలా అంటాను? నన్ను ముందు విప్పడానికి అబద్ధమాడిన మనిషి. ఆ ధైర్యం ఆమెదే, ఆమె చేతులది. బీట దగ్గరికి నడిచింది మాత్రం ఆమె కాదు.

నేను లేచి ఈ రాతల పుస్తకం తెచ్చుకున్నాను. ఆవిడ దాన్ని చూసి వెళ్ళిపోయారు. మేస్త్రి వచ్చి నా పక్కన కూర్చున్నాడు, ఏం రాస్తావని అడగలేదు. ఎర్రయ్య వచ్చాడు. అన్న వచ్చాడు. కింద మోత ఆగడం లేదు.

నిన్నటిది నిన్ననే రాశాను. ఇవాళ మళ్ళీ రాస్తున్నాను, చదివేవాళ్ళు ఎవరైనా సరే. మా వదిన వీరవేణికి గోడ చప్పుడు అందరికంటే ముందు వినపడింది. ఆమె భయపడింది. కూర్చోవాలనుకుంది. కూర్చోనివ్వలేదు.